కోతమిషన్‌లో విమానం నూనె

తాడ్వాయి భూపాల్‌కు ఏ మిషన్ ఇచ్చినా నడుపుతాడని పేరు. నూనెల దగ్గర మాత్రం అతను పిరికివాడు. డీజిల్ పోసేటప్పుడు పక్కన ఎవరైనా బీడీ ముట్టిస్తే క్యాను కింద పెట్టి దూరం పోయి నిలబడేవాడు. అందరూ నవ్వేవారు.

కారణం ఉంది. గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టులో పదకొండేళ్లు విమానాలకు ఇంధనం పట్టే బండి మీద పనిచేశాడు. రోజూ పొద్దున ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి, నీళ్లు కలిశాయేమోనని వెలుతురుకు ఎత్తి చూడటం అతని పని. అట్లా పట్టిన నూనెను అతని గదిలో ఉండే సీమోను అనే అతను దాచి తెచ్చి, స్టౌలో పోసి వెలిగించాడు. మంట సీలింగుకు ఎగిసింది. భూపాల్ దుప్పటి కప్పి ఆర్పాడు. సీమోను బతికాడు గానీ చేతివేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ ఏడాదే భూపాల్ ఇంటికి వచ్చేశాడు.

వచ్చాక ఎల్లారెడ్డి పట్టణంలో సుందర్ అనే అతని వరికోత మిషన్ మీద డ్రైవర్‌గా కుదిరాడు. మొన్నటి యాసంగి కోతల్లో ఈరవ్వ అనే ముసలామె పొలం కోస్తుండగా డీజిల్ అయిపోయింది. ఆ వారం దగ్గరి బంకుల్లో ఎక్కడా దొరకడం లేదు. పడమర మొగులు నల్లగా కమ్ముకొస్తోంది. అంతకు రెండు రోజుల ముందే పక్క మండలంలో రాళ్లవాన పడింది.

మధ్యాహ్నం సుందర్ కిరాయి ట్రాలీ ఆటోలో ఒక డ్రమ్ము తెచ్చాడు. మూత తీయగానే భూపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. నీళ్లలా తెల్లగా ఉంది. వాసన పదకొండేళ్లు పీల్చినదే.

"సుందర్, ఇది డీజిల్ కాదు. విమానంల పోసేది. యాడికెల్లి తెచ్చినవ్?"

"హైవే మీద ఒకడు ట్యాంకర్‌కెల్లి తీసి ఇచ్చిండన్నా. డీజిల్ ఇంజన్ల గూడ నడుస్తదట."

"నడుస్తది. గని దీనికి జిడ్డు ఉండది. పంపు అరిగిపోతది. లీకయిందంటే డీజిల్ కన్న జల్ది అంటుకుంటది. ఇంత ఎండల, ఈ గడ్డిల నేను నడపను."

గట్టు మీద కూర్చున్న ఈరవ్వ లేచి వచ్చింది. ఆమెకు ఉన్నది ఆ ఎకరన్నరే. అందులో సగం ఇంకా నిలబడే ఉంది.

"బిడ్డా, రాళ్లు పడితే గింజ మిగులది. జరంత కోసియ్యి, నీ కాళ్లు మొక్కుత."

భూపాల్ ఆకాశం వైపు చూశాడు. తర్వాత ఆమె ముఖం వైపు చూశాడు. వద్దని అతని మనసు అరుస్తూనే ఉంది. అయినా డ్రమ్ము దించి ఆటో వెళ్లిపోయేదాకా ఆగి, మిషన్ అందని మూలలు కోసే కూలీలను గట్టు అవతలకు పంపి, తానే ట్యాంకులో పోశాడు.

ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. రెండు చాళ్లు బాగానే నడిచింది. మూడో చాలులో శబ్దం మారింది. లోపల ఎవరో రాయి మీద రాయి కొడుతున్నట్టు టకటకమంది. ఆపుదామా అనుకునేలోపే ఆ వాసన సీటు దగ్గరకు వచ్చింది.

ఇంజన్ ఆపి కిందికి దూకాడు. పంపు సీలు దగ్గర నూనె కారి, వేడెక్కిన సైలెన్సర్ పైపు మీద పడుతోంది. అక్కడ పేరుకున్న పొట్టు పొగలు కక్కుతోంది. చూస్తుండగానే నీలంగా ఒక మంట నాలుక లేచింది.

"దూరం పోండి! ఎవ్వలు దగ్గరికి రాకుండ్రి!"

అరిచాడు గానీ తాను పోలేదు. పోలేకపోయాడు. దోసిళ్లతో మన్ను ఎత్తి మంట మీద పోశాడు. మట్టిలో తడి లేదు, గడ్డే ఎక్కువ వస్తోంది. ట్యాంకు నిండా ఆ నూనె ఉంది. ఇప్పుడంటుకుంటుంది, ఇప్పుడంటుకుంటుంది అనుకుంటూనే పోశాడు. సుందర్ కాలువలో గోనెసంచులు తడిపి తెచ్చాడు. రెండు సంచులు కప్పాక మంట చచ్చింది. భూపాల్ వరి మొదళ్లలో కూర్చుండిపోయాడు.

సుందర్ మెల్లగా అన్నాడు. "అన్నా, వైరు కాలిందని చెప్దాం. నూనె సంగతి బయటికి పోతే కేసయితది."

భూపాల్ ఈరవ్వను పిలిచాడు. "అవ్వా, తప్పు నాది. ఇది ఏం నూనెనో నాకు తెలుసు. తెలిసే పోసిన."

ఆమె తిట్టలేదు. "కొడవండ్లు తెండ్రి" అని కూలీలతో అంది.

తొమ్మిది మంది వంగి కోశారు. వాళ్లలో భూపాల్, సుందర్ కూడా ఉన్నారు. నాలుగు గుంటల చేను మిగిలి ఉండగా రాళ్లు పడ్డాయి. ఆ నాలుగు గుంటలూ నేలపాలయ్యాయి.

డ్రమ్ములో మిగిలినది ఎక్కడ పారబోయాలో సుందర్‌కు తెలియలేదు. మర్నాడు పొద్దున భూపాలే అతన్ని వెంటబెట్టుకుని డ్రమ్ముతో సహా ఎల్లారెడ్డి పోలీస్ స్టేషన్‌కు పోయాడు. దారంతా సుందర్ వెనక్కి పోదామంటూనే ఉన్నాడు. భూపాల్‌కూ భయమే. లోపల వాళ్లు ఏమడుగుతారో, తనను ఏం చేస్తారో తెలియదు. గేటు దగ్గర ఒక్కసారి ఆగి, చొక్కా గుండీలు సరిగా పెట్టుకున్నాడు.

"నా ఎన్కనే రా" అని లోపలికి నడిచాడు.