వెనక కాలి పసుపు

మ్యూజియంలో ముప్పయ్యేళ్లు పురుగుల పెట్టెలకు చీటీలు రాసి రిటైరైన ఆవిడ ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, ఇంట్లో చెల్లెలు ఒక్క ముక్కలో తేల్చేసేది: "మా అక్కా? ఈగలు తోలుకుంటోంది."

అబద్ధమేమీ కాదు. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చుని, పురుగులంటే సరదా ఉన్నవాళ్ల గ్రూపులో జనం పంపే ఈగల ఫొటోలు చూసి ఏది ఏ జాతో చెప్పేది. రెండొందల మందిలో ఆవిడ మాటకు ఎదురులేదు. ఆ ఎదురులేకపోవడమే ఆవిణ్ణి చెడగొట్టింది.

ఆ గ్రూపులో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. ఆఖరి స్టాపులో బస్సు ఆగే పది నిమిషాలూ డ్రైవరు టీకి పోతే, ఇతను మురుక్కాలవ గట్టున పూల మీద వాలే ఈగల్ని ఫొటోలు తీసేవాడు. ఒకరోజు ఒకటి పెట్టి, "మేడమ్, ఇది మామూలుది కాదేమో. వెనక కాలి తొడ మొదట్లో పసుపు చూడండి" అని రాశాడు.

ఆ రెండు జాతులూ అచ్చు గుద్దినట్టుంటాయి. మామూలుదానికి తొడంతా నలుపు, రెండోదానికి మొదట్లో కాస్త పసుపు. అంతే తేడా. కానీ ఆ రెండోదాన్ని ఆ చుట్టుపక్కల చూసినవాళ్లు లేరు.

"పుప్పొడి అంటుకుంది" అని కొట్టిపారేసిందావిడ.

"ఇరవై ఈగల్ని ఫొటో తీశాను మేడమ్. అన్నిటికీ అదే చోట అంటుకుంటుందా?"

అందరి ముందూ ఎదురు చెప్పేసరికి ఆవిడకు ఒళ్లు మండింది. "ఇది టికెట్లు కొట్టినంత సులువు కాదండీ" అని రాసేసింది. ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. దాని వెనకే ఇంకో ఆరు. సాయంత్రానికల్లా కండక్టరు తన ఫొటోలన్నీ తీసేసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

క్షమించమని ఒకసారి రాయబోయి, చిన్నతనమనిపించి చెరిపేసింది.

మూడేళ్లకు ఒక కాలేజీ అమ్మాయి అలాంటి ఈగ ఫొటోనే పంపింది. ఈసారి ఆవిడ ఈగనే తెప్పించి, మ్యూజియంలో మైక్రోస్కోపు కింద పెట్టి, తడి కుంచెతో తొడ తుడిచింది. పసుపు పోలేదు. మళ్లీ తుడిచింది. కదిలితేనా!

మర్నాడు బస్సు డిపోకి వెళ్లి తానెవరో చెప్పుకుంది. కండక్టరు గబుక్కున లేచి కుర్చీ వేశాడు.

"మీరు చెప్పిందే నిజమండీ. ఆ రోజు నోరు జారాను."

"అయ్యో, ఎప్పటి మాట మేడమ్! నేనెప్పుడో మర్చిపోయాను."

"ఆ ఫొటోలు ఉన్నాయా? ముందు చూసింది మీరేనని రాయిస్తాను."

అతను టికెట్ల మిషను తుడవడం మొదలుపెట్టాడు. "లేవండీ. ఆ రోజే ఫోన్లోంచి కూడా చెరిపేశా. వద్దొద్దని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. ఆ కాలవ మీద ఇప్పుడు స్లాబు వేసేశారు."

"మళ్లీ మొదలుపెట్టండి."

"చూద్దాం మేడమ్" అన్నాడు, తలుపు మెల్లగా వేసినట్టు.

ఆవిడ జరిగిందంతా గ్రూపులో దాచకుండా రాసింది. చదవాల్సినవాడు అక్కడ లేడు. మ్యూజియం రికార్డులో అతని పేరు కూడా చేర్చమని అడిగితే, ఫొటో లేనిదే కుదరదన్నారు. మొదట చూసినవారు అన్నచోట ఆ కాలేజీ అమ్మాయి పేరే పడింది. ఆ కాగితం మీద జాతిని నిర్ధారించినవారిగా సంతకం పెట్టాల్సింది ఆవిడే. పెట్టింది.