అంచుకు ఎన్ని వేళ్ళు తక్కువ

మొన్న మా ఇంటి ఫ్రిజ్ మొరాయిస్తే బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకుని, కూతపెట్టే చిన్న పరికరాన్ని గొట్టాల వెంబడి తిప్పుతూ గ్యాస్ ఎక్కడ కారుతోందో పట్టేస్తుంటే, నేను కుర్చీ దగ్గరికి లాక్కుని ముచ్చటగా చూస్తూ కూర్చున్నాను. ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు గానీ, పందొమ్మిదివందల అరవైల్లో అనంతపురం ఐసు ఫ్యాక్టరీలో పనిచేసినవాడి నవ్వు అతనికేం అర్థమవుతుంది, నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది అమోనియాతో నడిచే ఫ్యాక్టరీ. ఆ ఘాటు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు. మెషీనుకు పెద్దదిక్కు మా ఉస్తాద్. రూల్సు పుస్తకమంటూ ఏదీ లేదు, ఆయన నోరే మాకు పుస్తకం. మెడలో తడి తువ్వాలు లేకుండా నట్టు ముట్టకూడదు. లీకు అనుమానమొస్తే గంధకం వత్తి వెలిగించి అతుకు అతుకు దగ్గరా పెట్టి, తెల్లటి పొగ ఎక్కడ లేస్తుందో చూడాలి. గుప్పెడు వేరుశనగ పొట్టు ఎగరేసి గాలివాటం తెలుసుకుని, పరుగెత్తాల్సి వస్తే గాలికి ఎదురే పరుగెత్తాలి. అన్నిటికన్నా పెద్దది నీళ్ళ డ్రమ్ము. అమోనియా కంట్లో పడితే ఆ క్షణమే కడగాలి గనుక మెషీను పక్కన డ్రమ్ము నిండా నీళ్ళుండాలి, వాటిని ఇంక దేనికీ వాడకూడదు. పొద్దున షిఫ్టు ఎక్కినవాడు అంచు నుంచి చెయ్యి దించి ఎన్ని వేళ్ళు తక్కువుందో చెబితేగాని ఉస్తాద్ స్పానరు పట్టేవాడు కాదు.

ఆ ఏడు వానల్లేవు. ఎండాకాలం వచ్చేసరికి బావులు అడుగంటి, గార్లదిన్నె వైపు నుంచి ఎద్దులబండి మీద తొట్టెల్లో వచ్చే నీళ్ళే మా ఫ్యాక్టరీకి దిక్కు. మా గోడ పక్కనే వేరుశనగ కాయలొలిచే కొట్టం ఉండేది, అందులో కూలి చేసే ఆడవాళ్ళు గొంతు తడుపుకోవడానికి మైలు దూరం నడిచిపోయేవాళ్ళు. ఐసు చేసే చోట మనుషులకు నీళ్ళు లేకపోవడమేమిటని నాకు ప్రాణం ఉసూరుమనేది. కొత్తగా పెళ్ళయిన వయసు, ప్రతివాళ్ళ కష్టమూ నా ఇంటి కష్టంలాగే కనపడేది. ఒకరోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, వాళ్ళ కడవలన్నీ ఆ డ్రమ్ములోంచే ముంచి నింపేశాను, బండి రాగానే పోసేద్దాంలే అని. బండి రాలేదు. ఉస్తాద్ మటుకు వచ్చి, ఎప్పటిలా డ్రమ్ము సంగతి అడిగాడు. నిండుగా ఉందని చెప్పేశాను, సిగ్గులేకుండా.

గంట తిరక్కుండానే మెషీను ఇరుసు చుట్టూ గ్యాస్ బయటికి రాకుండా ఆపే గ్లాండు దగ్గర ఉస్తాద్ నట్టు బిగిస్తుంటే గ్యాస్ బుస్సుమని ఆయన ముఖాన కొట్టింది. నేను తడి తువ్వాలు ముక్కుకు అదుముకుని వాల్వు మూసేసి, ఆయన్ను గాలికి ఎదురుగా బయటికి లాక్కొచ్చి, డ్రమ్ములో చెంబు ముంచితే అడుగున ఠంగుమంది. ఐసు గడ్డకట్టించే తొట్టిలో ఉన్నదంతా ఉప్పునీళ్ళు, కంట్లో పోయడానికి పనికిరావు. ఆ మనిషి కళ్ళు పోతాయి, పోగొట్టినవాణ్ణి నేనే అనుకున్నాను. గోడ దగ్గరికి పరుగెత్తి, కడవలు తెండని గొంతు చించుకుని అరిచాను.

ఆహా, ఆ ఆడవాళ్ళు వచ్చిన రాకను ఏమని చెప్పను! తడిగుడ్డలు కప్పి దాచుకున్న కడవలు చంకన పెట్టుకుని, ఒక్కరు కూడా మరి మాకో అనకుండా, వరసగా వచ్చేశారు. అందరిలోకీ పెద్దదైన ఒక అవ్వ ఉస్తాద్ తలను తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో రెప్పలు విప్పి పట్టి, సన్నటి ధారగా పోస్తూ, ఇంత కంపు కొట్టే పని ఏ మొనగాడు నేర్పినాడప్పా నీకు అని తిడుతూనే ఉంది. ఆ మంటలోనూ ఉస్తాద్ నవ్వాడు. ఆయన నవ్వగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

కొన్ని రోజులు కట్టుకట్టుకుంటే చాలు, చూపుకు ఢోకా లేదు, వెంటనే కడగబట్టి బతికిపోయాడని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఉస్తాద్ మంచం పక్కనే నిలబడి జరిగిందంతా చెప్పేశాను. పనిలోంచి తీసేస్తాడనే అనుకున్నాను. ఆయన కట్టుకట్టిన ముఖం నా వైపు తిప్పి, "నీళ్ళిచ్చినందుకు నిన్నేమీ అననప్పా. లేనిది ఉండాదని చెప్పినావు చూడు, ఆ పని మళ్ళా చేయొద్దు," అన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, ఆడవాళ్ళ కోసం గోడ పక్కన రెండో డ్రమ్ము పెట్టించాలని కబురంపి, యజమాని గొణిగినా పట్టు విడవలేదు. ఆ డ్రమ్ము దగ్గర అవ్వ పెత్తనం చూసి తీరాల్సిందే, యజమాని మనిషి వచ్చినా వరసలో నిలబెట్టేది.

ఉస్తాద్ మళ్ళీ పనికొచ్చిన పొద్దు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. రెప్పలింకా ఎర్రగానే ఉన్నాయి. ఇక నా మాట నమ్మడు, తానే చెయ్యి పెట్టి చూసుకుంటాడని తల దించుకుని నిలబడ్డాను. ఆయన డ్రమ్ము వైపు చూడనైనా లేదు. "ఎన్ని వేళ్ళప్పా?" అని నన్నే అడిగాడు. మూడు వేళ్ళు తక్కువ ఉస్తాద్ అన్నాను. సరేనని స్పానరు అందుకుని, అదే గ్లాండు మీదికి ముఖం వంచాడు.

ఈనాటి పరికరాలు మంచివే, వాటివల్ల ఎందరి కళ్ళో దక్కుతున్నాయి, కాదనను. కానీ కూతపెట్టే పరికరం పక్కనుండగా, మనిషిని అడగాల్సిన పని ఎవరికీ లేదు. ఒకసారి అబద్ధమాడిన నా నోటి మాట మీద ఆయన తన రెండు కళ్ళూ పణంగా పెట్టాడు. ఆ తర్వాత అంత గౌరవం నాకు ఎక్కడా దొరకలేదు.