పైకచ్చిండని నేను చెప్పిన అబద్ధం

నిన్న ఫస్ట్ షిఫ్ట్ అయిపోయి, బొగ్గుబాయిలకెళ్లి మీదికచ్చి ఫోన్ ఆన్ చేసిన.

ముప్పై ఎనిమిది మిస్డ్ కాల్స్.

గ్రూపుల ఎవడో అప్పటికే మా సతీష్ గాని ఫొటో పెట్టి, కింద దీపం బొమ్మ పెట్టిండు.

బాయిల నెత్తికి పెట్టుకునే క్యాప్ ల్యాంప్ వాపస్ ఇయ్యకుంటనే బండి తీసిన. ఇంటికచ్చినంక చూస్తే అది నా బెల్టుకు అట్లనే ఉన్నది.

నిన్నటి సంది కూసోలేకపోతున్న, పండలేకపోతున్న. కాలనీ ఎన్నిసార్లు తిరిగిన్నో తెల్వది. అందుకే గిది రాస్తున్న. తిట్టేటోళ్లు తిట్టుండ్రి.

తెల్వనోళ్లకు చెప్తున్న. సతీష్ అంటే మా పక్క క్వార్టర్. సెంటినరీ కాలనీల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. వాడు ఏడేండ్ల సంది ఆర్మీల ఉన్నడు. యుద్ధం మొదలైన కాడికెళ్లి బార్డర్ పోస్టులనే డ్యూటీ. మొన్న షెల్ వచ్చి పడ్డది.

అసలు వాడు ఆర్మీకి ఎందుకు పోయిండో తెలుసా?

బాయిల దిగితే సచ్చిపోతడని.

వాళ్ల నాన్న, మా పెద్దబాపు, బాయిల బండ పడి నడుము పోగొట్టుకున్నడు. మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కు అస్తది. మా దగ్గర ఆ నౌకరి కోసం పానాలిడుస్తరు. వాళ్లమ్మ, లచ్చమ్మ పెద్దమ్మ మాత్రం సంతకమే పెట్టనియ్యలే.

"ఒక్కని నడుము తిన్నది సాలదా? నా కొడుకు ఆకాశం కనవడే కాడ పని చేస్తడు" అన్నది.

మేమిద్దరం కలిసే గ్రౌండుల రన్నింగ్ కొట్టినం. ఆర్మీ ర్యాలీల వాడు పాసైండు. నేను ఆఖరి రౌండుల కూలవడ్డ. మా బాపు నౌకరి నాకచ్చింది.

అప్పుడు పెద్దమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకొని "ఫికర్ చెయ్యకు చెల్లే, దేవుడున్నడు" అని ఓదార్చింది. నిజంగ. నన్ను చూసి పాపం అన్నది.

బాయి పనోళ్ల ఇండ్లల్ల ఒక అలవాటు ఉంటది. షిఫ్టుకు పోయిన మనిషి వచ్చిందాక ఆడోళ్లు ముద్ద ముట్టరు. పెద్దబాపు గేటు కాడ సైకిల్ బెల్ కొట్టి "పైకచ్చిన" అనెటోడు. గప్పుడు పెద్దమ్మ పళ్లెం పెట్టుకునేది.

కొడుక్కు గూడ గదే ఆర్డర్ ఏసింది. రోజూ గా మాట చెప్పాలె, లేకుంటె తినను అన్నది.

"అమ్మా, నేనున్నదే గుట్ట మీద. ఇంకెంత పైకి రావాలె?" అని నవ్వేటోడు.

అయినా చెప్పేటోడు. ఆమెది బటన్ ఫోన్, అక్కడికెళ్లి కాల్ కలువది. అందుకే మెసేజ్ నాకు పెట్టేటోడు. పొద్దూకినంక ఏడింటికి, ఒక్కటే ముక్క. పైకచ్చిన.

నేను గోడ మీదికెళ్లి "పెద్దమ్మా, పైకచ్చిండు" అని ఒర్రాలె. అటు దిక్కు అన్నం గిన్నె మూత తీసిన చప్పుడు ఇనవడేది.

ఒకపారి నేను సినిమాకు పోయి మర్చిపోయిన. తెల్లారి మా వాకిట్ల నిలవడ్డది. "రాత్రి ఉపాసమున్న కొడుకా. వాడు మంచిగనే ఉన్నడా?" అన్నది. సిగ్గుతోని సచ్చిన.

మొన్న ఏడైంది. మెసేజ్ రాలే.

ఎనిమిదాయె. రాలే.

"ఏందిరా, ఇంక పెట్టలేదా?" అని ఆమె గోడ అవతల వచ్చి నిలవడ్డది. షుగర్ గోలి ఏసుకునే మనిషి. నెట్ లేదేమో, రేపు రెండు కలిపి పెడ్తడేమో అనుకున్న.

"అచ్చింది పెద్దమ్మా. పైకచ్చిండు" అన్న.

గిన్నె మూత చప్పుడైంది.

నిన్న ఆర్మీ సార్లు వాళ్లింటికచ్చి చెప్పిన్రు. మొన్న మధ్యాహ్నం మూడింటికి జరిగిందట.

పెద్దమ్మ కంట్ల సుక్క నీళ్లు లేవు. "మూడింటికా? కాదు సారూ. మీరు ఇంకెవలి కొడుకునో చూసిన్రు. పేర్లు కలుస్తయి. నా కొడుకు ఏడు దాటినంక మెసేజ్ పెట్టిండు" అన్నది. నా దిక్కు తిరిగి "కొడుకా, ఫోన్ తియ్. సార్లకు చూపియ్" అన్నది.

అందరు నన్నే చూస్తున్నరు.

"చార్జింగ్ లేదు పెద్దమ్మా" అన్న. రెండో అబద్ధం. ఫోన్ నా చేతుల వెలుగుతనే ఉన్నది. పెద్దబాపు చూసిండు.

ఇంటినిండ మంది ఏడుస్తుంటె, ఆమె ఒక్కతి "ఎందుకేడుస్తరే, వాడు మంచిగున్నడు" అని అందరికీ చాయ్ పోసింది. అది నా వల్ల. నా ఒక్కని వల్ల.

ఇయ్యాల పొద్దుగాల పోయి చెప్పిన. మెసేజ్ రాలే పెద్దమ్మా, నువ్వు తినాలని చెప్పిన అన్న.

చెంప మీద ఒక్కటి కొట్టింది. ఇంకోటి కొట్టనీకి చెయ్యెత్తి, నా మీదనే కూలవడ్డది.

"మామిడికాయ పప్పు రెండోమారు ఏసుకొని తిన్న గదరా. నా కొడుకు ఆడ పడి ఉంటె, కడుపునిండ తిన్న గదరా."

గప్పుడు ఏడ్సింది. నేను ఆపబోతే పెద్దబాపు మంచం మీదికెళ్లి "ఏడ్వనియ్ బిడ్డా" అన్నడు.

మళ్ల ఆమెనే నా అంగి పట్టుకొని అన్నది. "రేపు మిలిటరీ బండి అస్తదట. నువ్వే పోయి చూడు. మొఖం చూడు. వాడే అయితేనే గోడ మీదికెళ్లి పిలువు. అబద్ధం నువ్వే చెప్పినవ్, నిజం గూడ నువ్వే చెప్పాలె. వేరేటోళ్లు చెప్తే నేను నమ్మ."

గప్పటిదాక ముద్ద ముట్టదట.

రేపు అచ్చేటోళ్లకు ఒక్క మాట. జెండాలు తెండ్రి, పూలు తెండ్రి. మైకులు మాత్రం మా గల్లీలకు వద్దు. నా గొంతు ఆమెకు ఇనవడాలె.

సతీషూ, గేటు కాడ నేనే ఉంట. నిన్ను చూసి, గోడ కాడికి పోయి చెప్త.

పెద్దమ్మా, ఇంటికచ్చిండు.

ఇంక డ్యూటీ లేదు దోస్తు, నిమ్మళంగ పండుకో. గా నిమ్మళంల జరంత మీ అమ్మకు గూడ దొరకాలె.