సుశీల ఆంటీ ఇంటి బోరు నీళ్ళు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట ఇది. మా ఆయనకు కూడా చెప్పలేదు.

అప్పుడు నేను నార్త్ కరోలినాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పనంతా ఒక తెల్లటి పొడి మీద. తేనెపట్టులా దాని లోపలంతా కంటికి కనిపించనంత సన్నటి గదులు. యూవీ దీపం కింద నీలంగా వెలుగుతుంది. నీళ్ళలో సీసం ఉంటే ఆ గదుల్లోకి చేరి వెలుగును ఆర్పేస్తుంది. సీసానికి మాత్రమే ఆరుతుందని నా రీసెర్చ్ పేపర్లో రాశాను. అబద్ధం. ఇనుముకీ ఆరింది. ఆ ఫలితాన్ని పక్కన పెట్టేశాను. డిగ్రీ ఆలస్యమైతే వీసా ఏమవుతుందోనన్న భయమా, పేరు మీద ఆశా? రెండూనేమో.

అక్కడ నాకంటూ ఉన్న ఒకే ఒక్క ఇల్లు సుశీల ఆంటీది. మోరిస్‌విల్ దాటాక, చెట్ల మధ్య. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్తూ రెండేళ్ళ అన్యను ఆవిడ దగ్గర దింపేవారు. శనివారాలు నేను వెళ్ళి, పప్పన్నం తిని, సోఫాలో నిద్రపోయి వచ్చేదాన్ని.

ఒకసారి అడిగారు. "అమ్మాయ్, సింకులో ఈ ఎర్రమరక ఎంత తోమినా పోవట్లేదే. మాది బోరు నీళ్ళు కదా, నీ పొడితో టెస్ట్ చేసిపెట్టవూ?"

బాటిల్లో పట్టుకెళ్ళాను. పొడి ఆరిపోయింది. ఎర్రమరక ఇనుముదేనని నాకు తట్టకపోలేదు. కానీ ఆ మాటంటే నా పేపర్ తప్పని నా నోటితో నేనే చెప్పినట్టు.

"లెడ్ ఉంది ఆంటీ, సీసం. తాగకండి."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఈ నీళ్ళతోనే కదే అన్యకి పాలు కలిపాను! అందుకేనా ఇంకా మాటలు రాలేదు?"

నేను కాదనలేదు.

బోరు మూయించారు. పాప రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. సీసం అప్పటికే ఒంట్లోంచి పోయి ఉంటుందనుకుని, ఇక ఆవిడ దగ్గర వదలడం ఇష్టంలేక కోడలు పాపను డేకేర్‌లో చేర్చింది. ఆంటీ ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

మిగిలిన నీళ్ళను తర్వాత డిపార్ట్‌మెంట్‌లోని పెద్ద మెషీన్‌లో పరీక్షించాను. ఇనుము దండిగా ఉంది. సీసం లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పను? చెబితే ఆవిడ తిట్టకుండా క్షమించేస్తారనా నా భయం? శనివారాలు వెళ్ళడం మానేశాను. ఆవిడే ఫోన్ చేసి "తిన్నావా?" అనేవారు. కొన్నాళ్ళకు ఎత్తడం కూడా మానేశాను. అప్పటినుంచి ఎవరింట్లో కూర్చున్నా అతిథిగానే ఉన్నాను.

పోయిన చలికాలం ఆంటీ పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను. పొడుగ్గా ఎదిగిన అన్య, వచ్చీరాని తెలుగులో గబగబా మాట్లాడుతూనే ఉంది. మాటలు మామూలుగానే వచ్చాయట, కాస్త ఆలస్యంగా.

"ఆంటీ, నానమ్మ నాకు ఎప్పుడూ సారీ చెప్తుంది. వై అని అడిగితే ఏడుస్తుంది. మీకు తెలుసా?"

తెలియదన్నాను. ఆ ఇంటికి నేను చెప్పిన రెండో అబద్ధం.

అన్యకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో. ఆ నీళ్ళలో సీసం లేదని, ఆవిడ ఏ తప్పూ చేయలేదని ఇప్పటికి మీకొక్కరికే చెప్పాను. ఇదేమీ ప్రాయశ్చిత్తం కాదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా వెళ్తోంది.