దూది తగిలిన చోటు

డాక్టరమ్మ పోయారన్న కబురు మా ఆయన తెచ్చాడు. జువ్వలదిన్నె రేవు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "డాక్టరమ్మ నిద్దట్లోనే పోయినారంట మే" అన్నాడు. కుట్టుమిషన్ మీద జాకెట్టు సగంలో ఉంది. నా పాదం పెడల్ మీద ఆగిపోయింది. ఇనుము చల్లగా తెలుస్తోంది. అలా తెలియడమే ఆవిడ పెట్టిన భిక్ష అని గుర్తొచ్చి, ఇక ఏడుపు ఆగలేదు.

కొన్నేళ్ళ కిందట నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది చూడండి, వంటింట్లో గచ్చు మీద నిలబడినా నాకు అలాగే ఉండేది. పగలంతా నీళ్ళలో నడుస్తున్నట్టే. వేళ్ళలోంచి సూది ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు. నాలుక మండేది. ఎదురుగా ఉన్న మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. పాపం, తాయెత్తు ఉన్న నా చెయ్యి కూడా మొద్దుబారింది. నాకు చేతనైంది కుట్టుపని ఒక్కటే, అదీ పోతుందేమోనని బెంగపడి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడకు తొందర తెలియదు. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని మన మాటలు వింటూ కూర్చుంటారు. టీ చల్లారిపోతుంది, తాగడం మరిచిపోతారు. ఆ రోజు కూడా అంతే. అంతా విని నన్ను పడుకోబెట్టి, కొంచెం దూది తీసి వత్తిలా పేనారు.

"కళ్ళు మూసుకో. తగిలినప్పుడు చెప్పుమా."

మూసుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి ఎండుచేపల వాసన వస్తోంది. ఎక్కడో తేలిపోతున్నట్టుగా ఉంది. ఎంతసేపటికీ ఆవిడ మొదలుపెట్టరు.

"ఇంకా పెట్టలేదే డాక్టరమ్మా?"

"రెండు పాదాలూ అయిపోయినాయి మా" అన్నారు మెల్లగా.

రక్తపరీక్ష కాగితం వచ్చాక కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "బీ ట్వెల్వ్ విటమిన్ అడుగంటిపోయుండాది. చేపల ఊళ్ళో ఉండి ఇదేంది? నిన్న పొద్దున్నించీ ఏం తిన్నావో చెప్పు."

"అన్నం, పప్పు, పులుసు."

"పులుసులో ముక్క?"

నేను కిటికీ వైపు చూశాను. మొక్కు బయటికి చెబితే చెల్లదని మా వైపు నమ్మకం. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక తుపానులో మా ఆయన పడవ తిరిగి రాలేదు. ఒడ్డున నిలబడి గంగమ్మకు మొక్కుకున్నాను, ఆయన్ని పంపించు తల్లీ, జన్మలో నీసు ముట్టనని. పడవ వచ్చింది. అప్పటి నుంచి చేప, మాంసం, గుడ్డు ఏదీ లేదు. పాలు ముందు నుంచీ పడవు. ఇంట్లో వాళ్ళకు అరగడం లేదని చెప్పి తప్పించుకునేదాన్ని. నీసు నోట పెట్టినా, ఆ మాట నోరు దాటినా, సముద్రం ఆయన్ని మళ్ళీ అడుగుతుందని నా భయం.

ఆవిడ రెట్టించలేదు. టీ చల్లారింది. చివరికి నేనే చెప్పేశాను.

నవ్వుతారనుకున్నాను, కసురుతారనుకున్నాను. రెండూ చేయలేదు. "ఆయన్ని పంపించమన్నావు, సరే. బదులుగా నీ కాళ్ళు ఇస్తానన్నావా?"

"లేదు డాక్టరమ్మా."

"సూదిమందు మానేస్తానన్నావా?"

"లేదు."

"అయితే మొక్కు నీది, ఉంచుకో. సూది నాది, వేయించుకో. ఇంకా ఆలస్యం చేసుంటే ఆ నరాలు తిరిగొచ్చేవి కాదు. రోజూ మజ్జిగన్నా తాగు. గంగమ్మకు నేను చెప్పుకుంటాలే."

సూదులు మొదలయ్యాయి. వెళ్ళిన ప్రతిసారీ దూది, కళ్ళు మూసుకోవడం. ముందు చేతివేళ్ళు తిరిగొచ్చాయి. పాదాలు మాత్రం బాగా బెట్టు చేశాయి. ఒకనాడు మూసిన కళ్ళ చీకట్లో చీమ పాకినట్టు ఏదో తెలిసి, "బొటనవేలు!" అని గట్టిగా అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. ఆ రోజు ఆవిడ టీ వేడిగా ఉండగానే తాగారు.

నా మొక్కు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కబురు తెలిసిన సాయంత్రం నేనే మా ఆయనకు చెప్పాను. ఇప్పుడు గంగమ్మ దగ్గరే ఉండి నా తరఫున చెప్పుకునే మనిషి ఉన్నారులే అన్న ధైర్యం వచ్చింది. ఆయన లేచి, నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళాడు.

తడి ఇసుకలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. అల ఎప్పుడు వస్తుందో తెలియదు. ఫ్యాను చప్పుడు వింటున్నట్టే ఉంది. ముందు బొటనవేలు, ఆ తర్వాత పాదమంతా చల్లబడింది.

"తగిలింది డాక్టరమ్మా" అన్నాను.