డబ్బా, పాయింట్లా?

పాయింట్ల మామయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడైనా సరే, పర్సు తీయబోతూ టక్కున ఆగి, ఎదుటి మనిషి మొహంలోకి ఆశగా చూసి, "పాయింట్లు తీసుకుంటారా?" అని అడిగేవాడు. సెలూన్లో తల సగం కత్తిరించి ఉండగా అడిగాడు. పెట్రోలు బంకులో అడిగాడు. పళ్ళ డాక్టరు దగ్గర, నోట్లో రెండు ఇనప సామాన్లు ఉండగానే అడిగాడు. పాపం, ఆ డాక్టరు ఈయన నొప్పి అంటున్నాడనుకుని ఇంకో ఇంజక్షన్ పొడిచాడు. దవడ మొద్దుబారిపోయి ఆ రోజంతా మామయ్య నోట ఆ మాట రాలేదు. ఇంట్లోవాళ్ళు ఆ ఒక్క రోజూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు కూడా తనే పరీక్ష చేసేవాడు. కుర్చీలో కూచోబెట్టి, గడ్డం స్టాండు మీద ఆనించి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అనేవాడు. నాలుగైదు అద్దాలు మార్చాక అదే గొంతుతో, అదే ఊపులో, "గ్రూపు టూరుకి డబ్బు మంచిదా, పాయింట్లు మంచివా?" అని అడిగేవాడు. గడ్డం ఇరుక్కుపోయిన మనిషి ఏం చేస్తాడు, అలవాటు కొద్దీ "రెండోది" అనేవాడు. దాంతో ఊళ్ళో చూపు మందగించిన వాళ్ళందరూ పాయింట్ల పక్షమేనని మామయ్య అందరికీ చెప్పుకునేవాడు.

ఈ పాయింట్ల గొడవంతా ఒక ఉచిత భోజనంతో మొదలైంది. హాలిడే క్లబ్బువాళ్ళు పెద్ద హోటల్లో భోజనం పెట్టి సూట్‌కేసు బహుమతి ఇస్తామంటే, మామయ్య అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్ళాడు. సాయంత్రానికి సూట్‌కేసుతో పాటు సభ్యత్వం కూడా పట్టుకొచ్చాడు. సూట్‌కేసు చక్రం గుమ్మం దగ్గరే ఊడిపోయింది. సభ్యత్వం మాత్రం అంత తేలిగ్గా ఊడేది కాదు. ఒకేసారి పెద్ద మొత్తం కడితే ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారట. ఆ పాయింట్లతో క్లబ్బు కాటేజీల్లో దిగొచ్చు. కాటేజీల సున్నానికీ, తోటమాలికీ అంటూ ఏటా మళ్ళీ వేరే కట్టాలి. ఏడాది లోపల వాడకపోతే ఆ పాయింట్లు చచ్చిపోతాయి. కొన్నాళ్ళకి గైడు వెంట గుంపుగా తిప్పే టూర్లు కూడా పాయింట్లకే ఇస్తామన్నారు. మామయ్యకి ఇక పట్టపగ్గాల్లేవు.

మేనకోడలికి మామయ్యంటే ప్రాణం, ఆయన పాయింట్లంటే ఒళ్ళుమంట. ఆమె ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేసేది. ఎవరైనా తప్పు లెక్క చెబితే ఆమెకి ఒంటిమీద దద్దుర్లు వచ్చినంత పనయ్యేది.

"మామయ్యా, గదులకి పాయింట్లు వాడుకో, నేను కాదనను. టూర్లకి మాత్రం డబ్బు కట్టు. అదే బస్సు, అదే గైడు, అదే కిటికీ. పాయింట్లతో వెళితే నీకు రెండింతలు పడుతోంది."

"డబ్బు జేబులోంచి పోతుంది తల్లీ. పోయినప్పుడు తెలుస్తుంది. పాయింటు గాల్లోంచి వస్తుంది, గాల్లోకి పోతుంది."

"గాల్లోంచి రాలేదు. నీ డబ్బుతోనే వచ్చింది."

"అది పాత డబ్బు."

పాత డబ్బుకీ కొత్త డబ్బుకీ తేడా ఏమిటో ఆమె చదివిన కామర్సులో ఎక్కడా లేదు. గొంతు పెంచేది. ఆయనా పెంచేవాడు. షాపులో జోళ్ళ కోసం వచ్చినవాళ్ళు పని మర్చిపోయి వినేవాళ్ళు. పక్క షాపు టైలరమ్మ మిషన్ ఆపి మరీ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. అత్తయ్య మాత్రం కౌంటరు వెనక ఫ్రేములు తుడుచుకుంటూ తలెత్తేది కాదు.

ఇక ఏడాది చివరికొచ్చేసరికి మామయ్య పడే యాతన చూడాలి. "పాయింట్లు చచ్చిపోతున్నాయమ్మా, చచ్చిపోతున్నాయి" అంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. ఆ గొంతు విని ఒకసారి ఎదురింటావిడ ఎవరో పెద్దవాళ్ళు పోతున్నారనుకుని పరుగెత్తుకొచ్చింది కూడా.

ఆయన ముందుగా పట్టుకునేది టైలరమ్మని. ఆవిడ ఎవరి దగ్గరా ఊరికే మంచినీళ్ళు కూడా తాగే మనిషి కాదు. షాపుకి కర్టెన్లు కుట్టినప్పుడు మామయ్య చిల్లర ఉంచుకోమంటే, వెనక్కి వచ్చి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళింది. రెండోవాడు రిటైరైన బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఒకే రూట్లో బస్సు తోలాడు. అప్పటిదాకా ఆ దారి తప్ప ప్రపంచంలో ఇంకేమీ చూడలేదు. ఎవరైనా కాఫీ ఇప్పిస్తానంటే, "ఇప్పుడే తాగాను" అని ఎండిన పెదాలతో అబద్ధమాడే రకం. అలాంటి మనుషులు కూడా పాయింట్ల మామయ్య బతిమాలుడికి కరిగిపోయేవాళ్ళు.

"అన్నయ్యా, నువ్వు రాకపోతే ఆ సీటు మురిగిపోతుంది. నాకు కడుపు తరుక్కుపోతుంది. నా మీద దయుంచి రా."

"సరేలే తమ్ముడూ. అంత బాధపడకు. నీ కోసం వస్తాను" అనేవాడు డ్రైవరు, ఎంతో ఉపకారం చేస్తున్నట్టు.

మేనకోడలు కూడా ఒకసారి ఆ వలలో పడింది. ఆసుపత్రి చేతులు మారి, కౌంటర్లో సగం మందిని తీసేసినప్పుడు ఆమె ఉద్యోగం పోయింది. గదిలోంచి బయటికి రాకుండా, తల దువ్వుకోకుండా కూచున్న రోజులవి. మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, "నీకు పుణ్యముంటుంది, మీ అమ్మని తీసుకుని ఆ కొండమీది కాటేజీకి వెళ్ళిరా. పాయింట్లు పోతున్నాయి" అని దాదాపు ఏడ్చాడు. వెళ్ళింది. మంచులో నడిచింది, కంటినిండా నిద్రపోయింది, మనిషయింది. అక్కడినుంచి ఫోన్ చేసి, "సీజన్లో ఎందుకు బుక్ చేశావు, పాయింట్లు ఎక్కువ పడవూ" అని ఆయన్ని చెడామడా తిట్టింది కూడా. తర్వాత ఇంకో ఆసుపత్రిలో, ఇంకో గాజు పలక వెనక, ఆమెకి మళ్ళీ కౌంటరు దొరికింది.

ఈసారి మామయ్య నాలుగు రోజుల గ్రూపు టూరు పట్టుకున్నాడు. జలపాతాలు, గుహలు, పెద్ద సరస్సులో పడవ షికారు. మామయ్య, అత్తయ్య, మేనకోడలు, టైలరమ్మ, డ్రైవరు. మిగతా బస్సంతా తెలియనివాళ్ళు. మామయ్య పిలిచిన ముగ్గురూ పాయింట్లకే వస్తున్నామనుకుని ఎక్కారు. రిటైరైన డ్రైవరు కిటికీ పక్కన కూచుని, స్టీరింగు లేకుండా హాయిగా వెళ్తున్నందుకు మురిసిపోవాల్సింది పోయి, మలుపు వచ్చిన ప్రతిసారీ కుడికాలితో లేని బ్రేకు తొక్కుతున్నాడు. టైలరమ్మ గుహల్లో వేలాడే రాళ్ళని చూసి, "ఎంత నీటుగా కుచ్చిళ్ళు పెట్టాడో దేవుడు" అంది.

రెండోరోజు పడవల రేవు దగ్గర మేనకోడలికి ఒక ఆలోచన తట్టింది. ఈ టూరు డబ్బుకైతే ఎంత, పాయింట్లకైతే ఎన్ని అని గైడునే అడిగి, ఆ లెక్కతో మామయ్య నోరు శాశ్వతంగా మూయించాలనుకుంది. గైడు టోపీతో విసురుకుంటూ టికెట్లు సర్దుతున్నాడు.

"మా మామయ్య మీకు ఎన్ని పాయింట్లు కట్టారండీ?"

"ఏం పాయింట్లు మేడమ్?"

"హాలిడే క్లబ్బు పాయింట్లు. మేం అయిదుగురం."

గైడు ఆమెని జాలిగా చూశాడు. "మాది రెండు బస్సుల కంపెనీ మేడమ్. మాకు పాయింట్లేమిటి. మీ మామయ్యగారు అయిదుగురికీ నగదే కట్టారు. గ్రూపుకి తగ్గించమని మా ఓనరు ప్రాణం తోడేశారు. చివరికి మా ఓనరు కళ్ళజోడు ఊరికే బాగుచేసిస్తానని ఒప్పించుకున్నారు."

 మేనకోడలు వేళ్ళ మీద అయిదుగురినీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. సెలూన్లో, పెట్రోలు బంకులో, పళ్ళ డాక్టరు దగ్గర పాయింట్ల కోసం పరువు తీసుకున్న మనిషి, నగదు కట్టాడా. అదీ అయిదుగురికి. అదీ చెప్పకుండా.

మామయ్య రేవు చివర నిలబడి, పడవవాణ్ణి, "పాయింట్లు తీసుకుంటారా?" అని అడుగుతున్నాడు. ఆమె వెళ్ళి చొక్కా చెయ్యి పట్టుకుని, టికెట్ల గది వెనక్కి లాక్కెళ్ళింది. ఇదంతా గమనిస్తున్న అత్తయ్య కూడా వెంట నడిచింది.

"మామయ్యా, నీ దగ్గర ఇప్పుడు ఎన్ని పాయింట్లున్నాయి?"

"బోలెడు. లెక్కెవరు పెట్టారు."

"గైడు చెప్పాడు."

మామయ్య ముందు ఆకాశంలోకి చూశాడు, తర్వాత సరస్సులోకి చూశాడు. టైలరమ్మ దూరంగా ఉందని నిర్ధారణ చేసుకున్నాక గొంతు తగ్గించాడు. "ఒక్క పాయింటు కూడా లేదు. ఆ సభ్యత్వం ఏనాడో వదిలించుకున్నాను. ఏటా కట్టేది పెరిగిపోతుంటే, వాళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చెప్పులు అరగదీసి బయటపడ్డాను."

"ఎప్పుడు?"

"నువ్వు మొదటిసారి లెక్కకట్టి చెప్పావు చూడు, టూర్లకి పాయింట్లు నష్టమని. ఆ వారమే మొదలుపెట్టాను. నీ లెక్క ఒక్క అణా తప్పు లేదు."

ఆమె అక్కడున్న తాళ్ళ చుట్ట మీద కూలబడింది. "మరి ఇన్నేళ్ళూ నాతో ఎందుకు వాదించావు? గొంతులు పోయేలా అరుచుకున్నాం కదా."

"సభ్యత్వం ఉన్నప్పుడు ఒక ఏడాది పాయింట్లు నిజంగానే చచ్చిపోబోతుంటే డ్రైవరన్నయ్యకిచ్చాను. అంతకు ముందు వాళ్ళావిడ ఆపరేషన్‌కి డబ్బిస్తానంటే నాతో నెల్లాళ్ళు మాట్లాడని మనిషి, పాయింట్లనగానే సంచి సర్దుకున్నాడు. డబ్బిస్తే వాళ్ళ తల వంగుతుంది. పాయింట్లయితే నేనే వంగి బతిమాలొచ్చు. అందుకని పాయింట్లు పోయినా, ఆ మాట అట్టే పెట్టుకున్నాను."

"అయినా నాతో గొడవెందుకు?"

"నీకంటే మంచి సాక్షి నాకెక్కడ దొరుకుతుందే. బిల్లింగ్‌లో పనిచేసే పిల్ల, 'ఎందుకలా పాయింట్లు తగలేస్తావు' అని వీధంతా వినబడేలా అరుస్తుంటే, నా దగ్గర పాయింట్లు లేవని ఎవడనుకుంటాడు?"

 ఇన్నాళ్ళూ ఆయన్ని ఓడిస్తున్నాననుకుని, ఆయన దుకాణానికి తనే మైకు పట్టుకుని ప్రచారం చేసిందన్నమాట. అంతలోనే ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"ఆ కొండమీది కాటేజీ?"

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అత్తయ్యే చెప్పింది. "అదీ నగదే. సీజన్ రేటు. ఫోన్లో నువ్వు తిడుతుంటే స్పీకరు పెట్టుకుని విన్నాం. పిల్ల గొంతులో మళ్ళీ జోరొచ్చిందని మీ మామయ్య రెండు కప్పుల కాఫీ ఎక్కువ తాగాడు."

 మేనకోడలికి ఆయన్ని తిట్టాలో, కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. చివరికి ఆయన చేతిలోంచి కళ్ళజోడు లాక్కుని, తన చున్నీతో శుభ్రంగా తుడిచి, ఆయన ముక్కుమీద పెట్టింది.

పడవ షికారు అయ్యాక అందరూ బస్సెక్కారు. కాస్త దూరం పోయాక రిటైరైన డ్రైవరు తన కిటికీ సీటు వదిలి, కడ్డీలు పట్టుకుంటూ మేనకోడలి దగ్గరికి వచ్చాడు. మొహం ముడుచుకుని ఉంది.

"అమ్మాయీ, రేవులో గైడు ఎవరితోనో ఫోన్లో నగదు పార్టీ అని మాట్లాడుతుంటే చెవిన పడింది. నువ్వు లెక్కల మనిషివి. అబద్ధం ఆడవు. నేను పాయింట్లకే వచ్చానా? కాకపోతే ఇప్పుడే చెప్పు. వచ్చే స్టాపులో దిగిపోతాను."

వెనక సీట్లో టైలరమ్మ కూడా సంచి ఒళ్ళోకి తీసుకుని వింటోంది. ముందు సీట్లో మామయ్య మెడ బిగుసుకుపోయింది.  బిల్లు విషయంలో మేనకోడలు ఇంతవరకూ అబద్ధం ఆడి ఎరగదు.

"పాయింట్లకే పెద్దాయనా. అదే నా బాధంతా." గొంతు పెంచి, ముందు సీటు వైపు తిరిగింది. "నగదు పార్టీలు హాయిగా సగం ఖర్చుతో వస్తుంటే, మా మామయ్యకి మాత్రం పాయింట్లే కావాలి. బుద్ధున్నవాళ్ళు ఎవరైనా గ్రూపు టూరుకి పాయింట్లు తగలేస్తారా?"

 మామయ్య మొహం వెలిగిపోయింది. "నా పాయింట్లు నా ఇష్టం" అని గర్జించాడు. "డబ్బు పోతే తెలుస్తుంది, పాయింటు పోతే తెలుస్తుందా?"

డ్రైవరు మొహం సగం విచ్చుకుంది. మిగతా సగం కోసం గైడు వైపు తిరిగాడు. "ఏం బాబూ, మీరు పాయింట్లు తీసుకుంటారా?"

మైకు పట్టుకుని నిలబడ్డ గైడు కళ్ళు తేలేశాడు. రేవులో పాయింట్ల గురించి అడిగిన మేడమ్ ఇప్పుడు కనుబొమలు రెండూ పైకెత్తి బతిమాలుతోంది. ఓనరు ప్రాణం తోడేసిన పెద్దమనిషి రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఆయన పక్కనావిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటోంది.  గైడు పొరపాటున మైకులోనే సమాధానం చెప్పాడు.

"తీసుకుంటాం సార్. కానీ రేటు మరీ అన్యాయంగా ఉంటుంది."

"అన్యాయమని తెలిసీ కట్టాడు చూడు" అని డ్రైవరు తృప్తిగా తల ఆడించి, కిటికీ పక్కకి వెళ్ళి కూచుని, మళ్ళీ బ్రేకు తొక్కడంలో పడ్డాడు. టైలరమ్మ సంచి కింద పెట్టింది.

బస్సు చివరి వరసలోంచి ఒకావిడ లేచి నిలబడింది. "అదేమిటండీ, ముందు చెప్పలేదేం? మా ఆయన దగ్గర బోలెడు పాయింట్లు మూలుగుతున్నాయి. మా నగదు వెనక్కిచ్చి అవి తీసుకోండి."

"మా దగ్గరా ఉన్నాయి" అన్నారు ఇంకెవరో. ఇంకో రెండు చేతులు లేచాయి.

గైడు బిక్కచచ్చిపోయి మామయ్యని చూశాడు. మామయ్య గాఢంగా నిద్ర నటిస్తున్నాడు. మేనకోడల్ని చూశాడు. ఆమె కిటికీలోంచి కొండల్ని అతి శ్రద్ధగా గమనిస్తోంది.

గైడు మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "టీ కోసం బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది" అన్నాడు, చుట్టూ అడవి తప్ప ఏమీ లేని చోట.