చక్కెర మానేసిన నెల

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తరోజుల్లో నాకు లెక్కే వేదం. కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగులేదనుకునే వయసు. ఉప్పుగూడలో మేడమీద ఒక గది. పగలంతా జన్యు పరిశోధనశాలలో అంకెలతో కాపురం. సాయంత్రం తాళం తీస్తే గదిలో నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాతో మాట్లాడే మనిషి ఒక్కరే, కింద ఒంటరిగా ఉండే ఇంటావిడ. ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. రోజూ ఆరింటికి పిలిచి, చెంచా నిలబడేంత చక్కెర వేసిన చాయ్ ఇచ్చేది.

నా పని షుగర్ జబ్బుకూ జన్యువులకూ ఉన్న సంబంధం వెతకడం. మా దగ్గరున్నది కొద్దిమంది నెత్తురు. ఒక్కొక్కరిలో చూసిన జన్యు గుర్తులేమో వేలల్లో. వాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నదే అసలు విద్య. నాకు దేన్నీ తీసేయబుద్ధి కాలేదు (ఒంటరి మనిషికి ఎవరినీ పొమ్మనడం చేతకాదు). కాస్త పనికొచ్చేలా కనిపించిన ప్రతి గుర్తునూ చేర్చుకుంటూ పోయాను. చివరికి ఆ గుర్తులన్నిటితో కంప్యూటర్‌లో అల్లిన నా సూత్రం ఆ కొద్దిమందిలో ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి లేదో ఒక్క తప్పు లేకుండా చెప్పేసింది. ఆ గర్వంతో, ఉద్యోగంలో చేరినప్పుడు నాకు పని నేర్పడానికి తీసిన నా నెత్తురు వివరాలు కూడా అందులో వేశాను. నాకు షుగర్ తప్పదంది.

ఎవరితో చెప్పుకోను? ఆ రోజే చక్కెర మానేశాను. ఖాలా పిలిస్తే పని ఉందని తలుపు వేసుకున్నాను. వేడినీళ్లు తాగుతూ, స్టేషన్ వైపు పోయే రైళ్ల చప్పుడు వింటూ, నా మీద నేనే జాలిపడుతూ నెల గడిపాను. కొన్నాళ్లకు ఖాలా పిలవడం మానేసింది.

అప్పుడు మా పెద్దసారు నా సూత్రాన్ని అది ఇంతవరకూ చూడని మనుషుల మీద పెట్టి చూడమన్నారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతకంటే మేలుగా ఉండేది. "ఇది పాఠం నేర్వలేదమ్మా, జవాబులు బట్టీ పట్టింది," అన్నారు. సిగ్గుపడాల్సిన మాట. నేను మాత్రం, నాకు చెప్పిన జోస్యమూ ఉత్తదే కదా అని, పళ్లన్నీ కనబడేలా నవ్వాను (ఆ రోజు నుంచి సారుకు నా మీద కొంచెం అనుమానం).

సాయంత్రం పిలవకుండానే కిందికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఖాలా పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా బేటా? నెలసంది గదే ఫికర్."

కథంతా చెప్పాను. జన్యువుల సంగతి ఎంత అర్థమైందో గానీ, ఓపిగ్గా వింది.

"గంత భయమైనప్పుడు ఒక్కదానివే ఎందుకు కూసున్నవ్? నాకు జెప్తే ఇద్దరం కల్సి భయపడుతుంటిమి గదా."

ఇప్పుడు తప్పులేని సూత్రాలు పట్టుకుని, మెరిసే కళ్లతో నా దగ్గరికి కొత్తపిల్లలు వస్తుంటారు. కాగితం చూడకముందే ఎక్కడ ఉంటున్నావు, ఎవరితో ఉంటున్నావు అని అడుగుతాను. లెక్కకు అక్కర్లేని ప్రశ్న అనుకుంటారు. బయటికి వెళ్లి నా చాదస్తం గురించి చెప్పుకుంటారని కూడా తెలుసు. వాళ్ల వయసులో నేనైతే, కింద ఖాలా ఉండగానే, ఆ ప్రశ్నకు 'ఒక్కదాన్నే' అనేదాన్నని తలుచుకుని, ఊరికే నవ్వి ఊరుకుంటాను.